అపరాధపరిశోధక నవల: పాఠకుని తృప్తికి మూలము

అపరాధపరిశోధక నవలను చేపట్టిన పాఠకుడు కథను మాత్రమే కోరడు. ఒక సమస్యను, దాని పరిష్కారమును కోరును. ఆ పరిష్కారము ముందుగా ఊహింపరానిదై యుండవలెను. తెలిసిన పిమ్మట, ఇది తప్ప వేరొకటి సంభవింపదని తోపవలెను. పరస్పరవిరుద్ధములుగా కనబడు ఈ రెండు గుణములను ఒకచోట కూర్చుటయందే బ్రిటిషు పరిశోధక నవలయొక్క ఆకర్షణ కలదు. తెలుగున కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివు యుగంధర్ కథలను ఆతురతతో చదివిన తరమువారికి ఈ తృప్తి అనుభవైకవేద్యము.

ఈ తృప్తికి ఆధారము న్యాయమైన ఆట. 1929లో రోనాల్డ్ నాక్స్ ఈ ప్రక్రియకు పది నియమములు చెప్పెను. పరిశోధకునకు దొరకిన ఆధారమును వెంటనే పాఠకుని ముందుంచవలె ననునది వానిలో ఒకటి. అంతవరకెవ్వరును ఎరుగని విషమును కల్పింపరాదనునది మరియొకటి. ఓడిపోయిన పాఠకుడు కోపింపడు. మోసపోయిన పాఠకుడు మాత్రము క్షమింపడు.

మన తర్కశాస్త్ర పరిభాషలో ఈ విషయమును మరింత స్పష్టముగా చెప్పవచ్చును. పరిశోధకుడు చూచిన పాదముద్ర ప్రత్యక్షము. దానినుండి మనిషిని ఊహించుట అనుమానము. పొగను చూచి నిప్పును గ్రహించుటవంటిది. గ్రంథములనుండి, ఇతరుల మాటలనుండి తెచ్చుకొన్న జ్ఞానము శబ్దము. శబ్దము ప్రమాణమగుటకు చెప్పినవాడు ఆప్తుడు, అనగా విషయము నెరిగి యథార్థము పలుకువాడు, కావలెను. మొదటి రెండింటిని పాఠకుడు స్వయముగా పరీక్షింపగలడు. మూడవదానియందు అతడు రచయితను నమ్మక తప్పదు.

ఈ మూడవ ప్రమాణము ఎంత బలహీనము కాగలదో చూపుటకు ఆర్థర్ కోనన్ డాయిల్ 1890లో ప్రకటించిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ తగిన ఉదాహరణము. ఆ నవలలోని రహస్యమునకు మూలము అండమాను ఖైదీల స్థావరమే. కథలోని జోనాథన్ స్మాల్ అను ఖైదీ మౌంట్ హారియెట్ వాలునందలి హోప్ టౌనులో నివసించినట్లు చెప్పుకొనును. ఆ కొండకు 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చిరి. పోర్టు బ్లెయిరునకు (2024 నుండి శ్రీ విజయపురము) పొరుగుననున్న గరాచర్మలో ఈ నవలను చదువు తెలుగువానికి ఈ స్థలములు కల్పితములు కావు, ఇంటి చుట్టుప్రక్కలవే. 2011 జనాభా లెక్కలలో ఈ ద్వీపవాసులలో సుమారు 13 శాతమునకు మాతృభాష తెలుగే.

లండను నగరమున, లోపల గడియ వేసిన గదిలో ఒకడు విషపు ముల్లు గ్రుచ్చుకొని మరణించును. పైయటుక దుమ్ములో పసివానివలె చిన్నదైన పాదముద్ర కానవచ్చును. ఇట్టి ముల్లును ఊదుగొట్టముతోనే ప్రయోగింపవలెనని హోమ్సు తేల్చును. ఆ మనిషి ఎచ్చటివాడని అడుగగా, దక్షిణ అమెరికావాడేమో యని వాట్సను సందేహముతో పలుకును. హోమ్సు ఒక భౌగోళిక గ్రంథమును తెరచి, అండమాను ఆదివాసులు నాలుగడుగులకన్న పొట్టివారని, క్రూరులని, విషబాణములు వాడుదురని, నరమాంసభక్షకులని చదివి వినిపించును. పాఠకునకు చిక్కు వీడినట్లగును, తృప్తియు కలుగును.

వాస్తవము వేరు. ఈ ద్వీపములలో అధికారిగానుండిన ఎడ్వర్డ్ హొరేస్ మాన్, నవలకు పూర్వమే, 1880వ దశకపు ఆరంభమున, ఆదివాసులనుగూర్చి విపులముగా వ్రాసెను. నరమాంసభక్షణ మను ప్రవాదము నిరాధారమని ఖండించెను. వారిలో పురుషుల సగటు ఎత్తు దాదాపు నాలుగడుగుల పది అంగుళములు. వారి ఆయుధము విల్లమ్ములు. ఊదుగొట్టము కాదు, అమ్ములకు విషమును లేదు. ఊదుగొట్టమును విషపు ముల్లును ప్రసిద్ధముగా వాడినవారు దక్షిణ అమెరికా వనవాసులు. కనుక కథలో పరిహసింపబడిన వాట్సను మాటయే లోకమున సత్యమునకు దగ్గరగా నున్నది!

అయినను కథలోపల న్యాయము చెడలేదు. గ్రంథములోని మాటలను పాఠకునకు ముందుగనే వినిపించిరి. హేతువు, నిగమనము ఒకదానితో నొకటి పొసగినవి. తృప్తికి కథాంతర్గతమైన పొందికయే చాలునని దీనివలన తెలియుచున్నది. ప్రమాదమును అచ్చటనే కలదు. పొందికగా చెప్పిన అసత్యము సత్యమువలె మనసున నిలుచును. 1877లో తట్టువ్యాధి సోకి ఆదివాసులు పెక్కుమంది మరణించిరి. నశించిపోవుచున్న ఆ జనమును, పుస్తకమును ముగించిన దూరదేశ పాఠకుడు హంతకజాతిగా జ్ఞాపకముంచుకొనెను. నేడు గ్రేట్ అండమానీయులు కొన్ని పదుల సంఖ్యలో మాత్రమే మిగిలియున్నారు.

కావున పరిశోధక నవల రెండు ఋణములను తీర్చవలసియున్నది. ఆధారములను దాచకుండుట పాఠకుని ఋణము. ఆధారములుగా వాడుకొన్న మనుష్యులనుగూర్చి యథార్థము పలుకుట లోకఋణము. డాయిల్ మొదటిదానిని చక్కగా తీర్చెను. రెండవది తీరలేదని చెప్పుటకు హోమ్సు మేధ అక్కరలేదు. గ్రంథమును వినిపించినపుడు చెప్పినవాడు ఆప్తుడా యని ప్రశ్నించు పాఠకుడు చాలును.