క్రొత్త జీవిలో ప్రవేశించిన రోగము: కోళ్ల రైతులకొక పాఠము

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల యందలి వేల్పూరు, కానూరు గ్రామముల కోళ్లకు హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ సోకినట్లు నిర్ధారణమయ్యెను. మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిబాలిక ఈ వ్యాధిచే మరణించెను. ఏప్రిల్‌లో మన రంగారెడ్డి జిల్లా బాటసింగారమునను ఇది కనబడెను. కావున గోపన్‌పల్లిలో పెరటియందు నాలుగు కోళ్లు గలవారును ఈ సంగతి తెలిసికొనవలెను.

పక్షుల రోగము ఇతర జీవులకు ఎట్లు అలవడును? దూరదేశపు విత్తనమును మన నేలలో చల్లిన, మొలకలలో పెక్కు చచ్చును. నేలకు సరిపడిన రెండు మూడు గింజ పట్టును. కొన్ని యేండ్లకు ఆ గింజయే చేనంతయు నిండును. వైరసు గతియు నిట్టిదే. అది వృద్ధిపొందునపుడు చిన్న మార్పులు దొర్లుచుండును. వానిలో పెక్కు వ్యర్థములు. ఏ యొక్కటియైనను క్రొత్త శరీరమునకు సరిపడినచో అదియే ప్రబలును. రెండు విధముల ఫ్లూ వైరసులు ఒకే పందిలో చేరిన, తమ భాగములను మార్చుకొనగలవు.

1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 18 మందికి సోకి ఆరుగురిని చంపెను. 2024లో అమెరికా పాడియావులకు సోకెను. మనుష్యులలో ఒకరినుండి యొకరికి ధారాళముగ వ్యాపించు శక్తి దీనికి ఇంకను అలవడలేదు. సోకిన ప్రతి జీవియు దానికొక క్రొత్త అవకాశమే.

కాలక్రమమున రోగము తానే మెత్తబడునని కొందరందురు. ఇది నమ్మదగిన మాట కాదు. 1950లో ఆస్ట్రేలియాలో కుందేళ్లపై వదలిన మిక్సోమా వైరసు మొదట సోకినవానిని దాదాపు అన్నింటిని చంపెను. వెంటనే చచ్చిన కుందేలినుండి దోమలు రోగమును మోయుటకు వ్యవధి చాలదు గాన, కొలది యేండ్లలో మధ్యరకపు తీవ్రత గల వైరసు ప్రబలెను. పిమ్మట కుందేళ్లకు నిరోధశక్తి హెచ్చగా, వైరసు మరల తీవ్రమయ్యెను. వ్యాపించుటకు అనువైన మార్గమునే రోగము పట్టును గాని, మనయందు దయ చూపదు.

కావున కోళ్లను, బాతులను, పందులను ఒకచోట పెంచరాదు. చచ్చిన కోళ్లను ఒట్టిచేతులతో తాకరాదు, చెరువులో వేయరాదు. మాంసమును, గ్రుడ్లను బాగుగ ఉడికించి తినవలెను. కోళ్లు వరుసగ చచ్చుచున్న వెంటనే పశువైద్యునకు తెలుపవలెను. రోగనివారణకై ప్రభుత్వము చంపించు కోళ్లకు పరిహారము కలదు. ముందే రోగముచే చచ్చినవానికి లేదు. దాచిపెట్టి యమ్మిన రైతు తన పరిహారమును పోగొట్టుకొని, పొరుగువాని కొట్టమునకు రోగమును పంపినవాడగును.