బ్యాకప్ వేళ సర్వర్ రీస్టార్ట్ – కారణం కనిపెట్టే పద్ధతి



డిప్లొమాలోనో డిగ్రీలోనో కంప్యూటర్స్ చదివినవారిలో కొందరికి మొదట దొరికే ఉద్యోగం సర్వర్లు చూసుకునే పని. ఆ పనిలో చాలామందిని తికమకపెట్టే ఒక సమస్యను ఇక్కడ పాఠంలాగా వివరిస్తాను. పగలంతా సర్వర్ చక్కగా పనిచేస్తుంది. రాత్రి బ్యాకప్ మొదలైన కాసేపటికి తనంతట తానే ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. ఎవరూ బటన్ నొక్కలేదు, ఊళ్ళో కరెంటు పోలేదు. పొద్దున చూస్తే బ్యాకప్ సగంలోనే ఆగి ఉంటుంది.

ఇది మనకెందుకు అనుకోవద్దు. మన స్కాలర్‌షిప్ దరఖాస్తు ఈ-పాస్‌లో నమోదవుతుంది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు 2011లో మొదలైన మీసేవ ద్వారా తీసుకుంటాం. మన పేరు, మార్కులు, బ్యాంకు ఖాతా నంబరు అన్నీ ఎక్కడో ఒక సర్వర్‌లో ఉంటాయి. ఏ సర్వర్‌లోనైనా సమాచారం పోయి, దానికి నకలు లేకపోతే మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది బస్సు చార్జీలకు కూడా వెతుక్కునే విద్యార్థే.

వర్చువల్ మెషీన్ అంటే ఏమిటి?

మన హాస్టల్ భవనాన్నే ఉదాహరణగా తీసుకుందాం. భవనం ఒకటే, గదులు అనేకం. ఏ గది తాళం ఆ గదిదే. కానీ నీళ్ళ ట్యాంకు ఒకటే, కరెంటు మీటరు ఒకటే. అదే విధంగా ఒక పెద్ద సర్వర్‌ను సాఫ్ట్‌వేర్ సహాయంతో అనేక కంప్యూటర్లుగా విభజించవచ్చు. ఆ ఒక్కొక్క గదే వర్చువల్ మెషీన్. భవనం లాంటి అసలు యంత్రాన్ని హోస్ట్ అంటారు. ఈ పద్ధతి 1960లలో ఐబీఎం పెద్ద కంప్యూటర్లపై మొదలైంది. 1998లో స్థాపించిన వీఎంవేర్, 2007లో లైనక్స్ కర్నెల్‌లో చేరిన కేవీఎం, 2008లో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ వంటివి దీన్ని మామూలు సర్వర్లకు తెచ్చాయి.

బ్యాకప్ అప్పుడు ఏం జరుగుతుంది?

వార్డెన్ గారు హాజరు రిజిస్టరు రాస్తూనే ఉన్నారు, అదే సమయంలో మీరు దాన్ని చూసి నకలు రాయాలి అనుకోండి. ఒక్క క్షణం ఆగమని, అప్పటివరకు ఉన్న పేజీలకు గుర్తు పెట్టి, ఆ గుర్తు వరకే నకలు తీస్తారు. ఈ గుర్తునే స్నాప్‌షాట్ అంటారు. తర్వాత డిస్కు మీదున్న వందల గిగాబైట్లను ఆగకుండా చదవాలి, కుదించాలి, నెట్‌వర్క్ ద్వారా వేరే చోటికి పంపాలి. అనగా ప్రాసెసర్, మెమరీ, డిస్కు, నెట్‌వర్క్ నాలుగూ ఒకేసారి గట్టిగా పనిచేస్తాయి. పగలు ఇంత పని ఒక్కసారిగా పడదు.

మన గార్ల, బయ్యారం పల్లెల్లో బోరు మోటారు స్టార్టర్ ట్రిప్ అయితే రైతు స్టార్టర్‌ను తిట్టడు. లోడు ఎందుకు పెరిగిందో, ఓల్టేజీ తగ్గిందేమో చూస్తాడు. ఇక్కడా అంతే. చాలా సందర్భాల్లో బ్యాకప్ దోషి కాదు. అంతకుముందే దాగి ఉన్న బలహీనతను అది బయటపెడుతుంది.

మొదటి ప్రశ్న: ఆగింది భవనమా, గదా?

ముందు హోస్ట్ ఎంతసేపటి నుంచి నడుస్తోందో చూడాలి. లైనక్స్‌లో 'అప్‌టైమ్' అనే ఆజ్ఞ ఆ సంగతి చెబుతుంది. హోస్ట్ పది రోజులుగా నడుస్తూ ఒక్క వర్చువల్ మెషీన్ మాత్రమే ఆగి ఉంటే అది వేరే సమస్య. మెమరీ చాలనప్పుడు లైనక్స్ కర్నెల్ ఎక్కువ మెమరీ వాడుతున్న ప్రోగ్రామును చంపేస్తుంది. ఆ ప్రోగ్రాము మన వర్చువల్ మెషీనే కావచ్చు. అప్పుడు హోస్ట్ లాగ్‌లో 'అవుట్ ఆఫ్ మెమరీ' అనే మాట కనిపిస్తుంది. మెషీన్లకు కేటాయించిన మెమరీ తగ్గించడమో, హోస్ట్‌కు మెమరీ పెంచడమో దీనికి పరిష్కారం.

రెండో ప్రశ్న: హోస్టే ఆగితే, ఎలా ఆగింది?

రీస్టార్ట్‌లన్నీ ఒకటి కావు. లాగ్ చదివితే తేడా తెలుస్తుంది. లైనక్స్‌లో 'జర్నల్‌సీటీఎల్ -బి -1' అంటే రీస్టార్ట్‌కు ముందటి లాగ్ వస్తుంది. లాగ్ డిస్కులో నిల్వ ఉండేలా ముందే అమర్చుకోవాలి.

1. సేవలు ఒక్కొక్కటిగా ఆగినట్టు లాగ్‌లో ఉంటే ఎవరో లేదా ఏదో ప్రోగ్రాము ఆజ్ఞ ఇచ్చినట్టు. విండోస్‌లో దీనికి ఈవెంట్ నంబరు 1074.

2. 'కర్నెల్ పానిక్' అని ఉంటే ఆపరేటింగ్ సిస్టమే చేతులెత్తేసింది. విండోస్‌లో ఇది నీలి తెర, ఈవెంట్ నంబరు 1001. డ్రైవరు, మెమరీ, డిస్కు కంట్రోలర్లను అనుమానించాలి.

3. లాగ్ మధ్యలో తెగినట్టు ఆగిపోయి, తర్వాతి వరుస కొత్త ఆరంభమే అయితే యంత్రం హఠాత్తుగా ఆగింది. విండోస్‌లో 41, 6008 నంబర్లు కనిపిస్తాయి. ఈ నంబర్లు 'సరిగా మూతపడలేదు' అని మాత్రమే చెబుతాయి, కారణం చెప్పవు.

మూడో రకానికి సాక్షి మరొకటి ఉంది. సర్వర్ బోర్డుపై బీఎంసీ అనే చిన్న కంప్యూటర్ విడిగా పనిచేస్తుంది. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీలో ఐఎల్‌ఓ అనే పేర్లతో దీన్ని చూస్తాం. పవర్ సప్లయ్ లోపం, వేడి, మెమరీ తప్పులు ఇందులో సమయంతో సహా నమోదవుతాయి. అలాగే 'నెట్‌కన్సోల్' అమర్చితే కర్నెల్ చివరి మాటలు నెట్‌వర్క్ ద్వారా మరో కంప్యూటర్‌కు చేరతాయి. డిస్కే పనిచేయనప్పుడు లాగ్ డిస్కులో పడదు కదా!

అనుమానితులు నలుగురు

పవర్, వేడి: యూపీఎస్ సామర్థ్యం చాలకపోయినా, పవర్ సప్లయ్ పాతబడినా లోడు పెరిగిన క్షణంలో యంత్రం ఆగుతుంది. ఫ్యాన్లలో దుమ్ము పేరుకున్నా, గదిలో ఏసీ రాత్రి ఆపేసినా అంతే. బ్యాకప్ లేకుండా 'స్ట్రెస్-ఎన్‌జీ' వంటి ప్రోగ్రాముతో లోడు పెట్టి చూడండి. అప్పుడూ ఆగితే బ్యాకప్‌కు సంబంధం లేనట్టే.

మెమరీ: బ్యాకప్ వేళ మామూలుగా వాడని మెమరీ గడులు కూడా నిండుతాయి. పాడైన గడి అప్పుడే దొరుకుతుంది. 'మెమ్‌టెస్ట్86+' ను ఒక రాత్రంతా నడిపించాలి.

డిస్కు, కంట్రోలర్: ఆగకుండా చదివేటప్పుడు కంట్రోలర్ ఫర్మ్‌వేర్ లోపాలు బయటపడతాయి. ఎప్పుడూ ఒకే మెషీన్ దగ్గర, ఒకే శాతం దగ్గర ఆగుతుంటే డిస్కులో ఆ భాగాన్ని ముందు పరీక్షించాలి.

నెట్‌వర్క్, వాచ్‌డాగ్: ఇది చాలామందికి తట్టదు. కొన్నిచోట్ల మూడు నాలుగు సర్వర్లను జట్టుగా కలిపి, ఒకటి ఆగితే దాని పని మరొకటి అందుకునేలా పెడతారు. 'నేను బతికే ఉన్నాను' అని అవి ఒకదానికొకటి నిరంతరం కబురు పంపుకుంటాయి. ప్రాక్స్‌మాక్స్‌లో ఈ పని కోరోసింక్ చేస్తుంది. బ్యాకప్ కూడా అదే కేబుల్‌పై వెళితే ఈ చిన్న కబుర్లు ఆలస్యమవుతాయి. జట్టుతో సంబంధం తెగిన సర్వర్‌ను, హై అవైలబిలిటీ అమర్చి ఉంటే, సుమారు 60 సెకన్లలో వాచ్‌డాగ్ అనే కాపలాదారు కావాలనే రీసెట్ చేస్తుంది. ఒకే మెషీన్ రెండుచోట్ల నడిచి సమాచారం చెడిపోకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. ఇటువంటప్పుడు మిగతా సర్వర్ల లాగ్‌లో సరిగ్గా ఆ సమయానికి ముందు 'లింక్ డౌన్' అని ఉంటుంది. జట్టు కబుర్లకు వేరే నెట్‌వర్క్ ఇవ్వడం, బ్యాకప్ వేగానికి పరిమితి పెట్టడం దీనికి మందు.

పరీక్షించే క్రమం

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, బ్యాకప్ మొదలైన సమయం, ఆగిన సమయం, ఏ మెషీన్, ఎంత శాతం అని ప్రతిసారీ రాయండి. నాలుగైదు సార్ల వివరాలు పక్కపక్కన పెడితే దారి కనిపిస్తుంది. మెషీన్ ఏదైనా దాదాపు ఒకే వ్యవధి తర్వాత ఆగితే వేడిని అనుమానించాలి. నెట్‌వర్క్ ద్వారా తీసినప్పుడే ఆగి, స్థానిక డిస్కుకు తీసినప్పుడు ఆగకపోతే నెట్‌వర్క్ వైపు చూడాలి.

ఒకసారి ఒక్క మార్పే చేయాలి. ఫర్మ్‌వేర్, కేబుల్, మెమరీ మూడూ ఒకే రోజు మార్చితే సమస్య పోవచ్చు గాని కారణం తెలియదు. కారణం తెలియని సమస్య మళ్ళీ వస్తుంది. బ్యాకప్ ఏది తీసినా, పరీక్షకు ముందు ముఖ్యమైన సమాచారం నకలు మరోచోట ఉందని రూఢి చేసుకోవాలి.

బ్యాకప్ మాత్రం ఆపవద్దు

'బ్యాకప్ వల్లే ఆగుతోంది, దాన్ని తీసేయండి' అని కొందరు సలహా ఇస్తారు. సర్వర్ ఆ రాత్రి నుంచి ఆగదు, అందరూ సంతోషిస్తారు. కానీ దాగి ఉన్న లోపం అలాగే ఉంటుంది, పైగా నకలు కూడా ఉండదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దెజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ బ్యాటరీల మంటల్లో చిక్కుకుంది. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్ అక్కడ కాలిపోయింది. బయట నకలు లేనందున 858 టెరాబైట్ల సమాచారం పోయింది. అంత అభివృద్ధి చెందిన దేశంలోనే అలా జరిగింది.

కాబట్టి కారణం దొరికేవరకు బ్యాకప్‌ను నెమ్మదిగా, ఒక్కో మెషీన్ చొప్పున, వేరే సమయంలో తీయండి. తీసిన నకలు నుంచి ఒక మెషీన్‌ను అప్పుడప్పుడు తిరిగి నిలబెట్టి చూడండి. తెరిచి చూడని నకలును నమ్మలేం.

సర్వర్ పనికి ఖరీదైన కోర్సులకన్నా ముఖ్యమైనది ఓపికగా చదివి, రాసుకొని, ఒక్కొక్కటిగా తేల్చే అలవాటు. స్టడీ అవర్‌లో లెక్క తప్పు వస్తే ఏ మెట్టులో తప్పిందో వెనక్కి వెళ్ళి చూసే విద్యార్థికి ఆ అలవాటు ఇప్పటికే ఉంది. మన గార్ల నుంచి వెళ్ళే పిల్లలు రేపు పదిమంది సమాచారాన్ని భద్రంగా కాపాడే ఇంజనీర్లు కావాలని కోరుకుంటున్నాను.