ఇచ్చుట, పుచ్చుకొనుట
(అంతర్జాలమున పాతవస్తువులు అమ్ముకొను తల్లిదండ్రులకు)

“అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి” యని మన పెద్దల సామెత. అమ్మువాని యవస్థ వారెరుగనిది కాదు. నేటి కాలమున ఆ యడవిలో బాటసారులకంటె ముందు దొంగలే యెదురగుచున్నారు.

విద్యాసంవత్సరము ముగియగనే మన యిండ్లలో పిల్లలకు చిన్నదైపోయిన సైకిలు, చదివి ముగించిన పుస్తకములు, వ్రాతబల్ల మొదలగునవి మిగులుచుండును. పూర్వము వీనిని ఇరుగుపొరుగు పిల్లలకో, బంధువుల పిల్లలకో ఇచ్చెడివారము. ఇప్పుడు ఓ.ఎల్.ఎక్స్., ఫేస్‌బుక్ వంటి చోట్ల ఛాయాచిత్రమును, ధరను ప్రకటించి అమ్ముట వాడుకయైనది. ఇందు సౌకర్యము కలదు. కాని కొనువాని ముఖము మనకు కనబడదు. కొనువాని వేషమున వచ్చు మోసగానిని గుర్తించు విధమును తెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మూలసూత్రము

నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా యను సంస్థ 2016లో ప్రవేశపెట్టిన యూ.పి.ఐ. పద్ధతిచే నేడు ఫోనునుండి ఫోనునకు సొమ్ము చేరుచున్నది. దీనికి నాలుగు గాని, ఆరు గాని అంకెలు గల రహస్యసంఖ్య యొకటి యుండును. దానినే పిన్ అందురు. మన ఖాతానుండి సొమ్ము బయటికి పోవునపుడును, మన నిలువను మనము చూచుకొనునపుడును సామాన్యముగా ఆ పిన్ కావలెను. సొమ్ము పుచ్చుకొనుటకు మాత్రము అది యెన్నడును అక్కరలేదు. వ్రేలిముద్ర వేయనక్కరలేదు, క్యూ.ఆర్. గుర్తును స్కాన్ చేయనక్కరలేదు. మన యూ.పి.ఐ. చిరునామా తెలిపిన చాలును.

దేవాలయములోని హుండీని తలచుకొనుడు. కానుక వేయువానికి తాళపుచెవితో పనిలేదు; హుండీ తెరచి సొమ్ము తీయువానికే అది కావలెను. “మీ హుండీలో కానుక వేసెదను, తాళపుచెవి యిండు” అనువాడు దాతయగునా?

మోసము నడచు తీరు

ఒక తల్లి సైకిలును 3,500 రూపాయలకు ప్రకటించినదనుకొందము. కొద్ది నిమిషములలోనే ఫోను వచ్చును. అవతలివాడు గొలుసు ఎట్లున్నదో, చక్రము వంకరపోయినదేమో అడుగడు. ఒక్క రూపాయియు బేరమాడడు. ఇది మొదటి గుర్తు. బేరమాడని కొనుగోలుదారుని మన సంతలలో ఎవరైన చూచిరా?

తాను సైన్యమునందు ఉద్యోగిననియు, దూరప్రాంతమున నున్నాననియు చెప్పి, యూనిఫారముతో నున్న గుర్తింపుకార్డు చిత్రమును పంపును. ఇది రెండవ గుర్తు. సైనికులయెడ మనకు గల గౌరవమును దొంగ వాడుకొను ఈ పన్నుగడను గూర్చి భారతీయ రిజర్వు బ్యాంకు 2022లో ప్రచురించిన ‘బి(ఎ)వేర్’ అను చిన్నపుస్తకమునందును హెచ్చరించినది.

పిమ్మట తొందరపెట్టును. “వస్తువును తీసికొనిపోవు బండి బయలుదేరినది, సొమ్ము ఇప్పుడే పంపెదను” అనును. ఇది మూడవ గుర్తు. ఒక క్యూ.ఆర్. చిత్రమును పంపి, దానిని స్కాన్ చేసి పిన్ నొక్కినచో 3,500 రూపాయలు ఖాతాలో పడునని చెప్పును. ఆమె యట్లే చేయును. సొమ్ము పడుటకు మారుగా పోవును. “పొరపాటు జరిగినది, మరల చేయుడు, రెండును కలిపి పంపెదను” అని మరల నొక్కించును. సైకిలు ఇంటనే యుండును. సొమ్ము మాత్రము రెండుమారులు పోవును.

వ్యక్తులు ఒకరినొకరు యూ.పి.ఐ.లో ‘సొమ్ము కోరు’ వీలును పైసంస్థ 2025 అక్టోబరునుండి తొలగించినది. ఒక ద్వారము మూతపడినది గాని క్యూ.ఆర్. ద్వారము తెరచియే యున్నది. మరికొన్ని యుపాయములును కలవు. బ్యాంకు పంపినట్లు తోచు దొంగసందేశమును పంపి, “1,000 పంపబోయి 10,000 పంపితిని, మిగిలిన 9,000 తిరిగి పంపుడు” అని ప్రాధేయపడుట ఒకటి. సొమ్ము పంపినట్లు కల్పించిన చిత్రమును చూపుట మరియొకటి. సహాయము చేసెదనని చెప్పి, మన ఫోను తెరను తాను చూచుటకు వీలగు యాప్‌ను మనచే పెట్టించుట వేరొకటి.

మనకు గల ప్రత్యేకమైన చిక్కు

తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా నివసించు మనకు ఇందొక ప్రత్యేకమైన చిక్కు గలదు. ఇంట తెలుగు, వీధిలో అరవమో, కన్నడమో, ఒడియయో, మరాఠీయో. ఫోను తెరమీద ఆంగ్లము. తెరపై ‘చెల్లింపుడు’ అని యున్నను, అది ఆంగ్లమున నుండుటచే చదువనేరక, “పుచ్చుకొనుడు” అని చెవిలో పలుకు గొంతును నమ్మి నొక్కువారు కలరు. ఈ మోసమంతయు ఇచ్చుట, పుచ్చుకొనుట అను రెండు మాటలను తారుమారు చేయుటయే.

భీమ్ మొదలగు యాప్‌లను తెలుగులో కనబడునట్లు అమర్చుకొనవచ్చును. మన పాఠశాలలో తెలుగు చదువు పిల్లలు తమ అవ్వలకును, అమ్మలకును ఈ యొక్క సహాయము చేసిన చదువు సార్థకమగును. పిన్ అడుగు పుటలో సొమ్ము ఎవరికి, ఎంత అని కనబడును. దానిని బిగ్గరగా చదివిన పిమ్మటనే వ్రేలు కదలవలెను.

మరియొక మాట. పరాయి యూర తెలుగు మాట వినబడినంతనే మన మనస్సు కరగును. “మీరు తెలుగువారా! మేమును తెలుగువారమే” అను పలకరింపును మోసగాడును నేర్వగలడు. మాతృభాష మైత్రికి గుర్తు కావచ్చును గాని నిజాయితీకి హామీ కాదు.

పాటింపదగిన నియమములు

1. సొమ్ము పుచ్చుకొనుటకై పిన్‌ను గాని, ఓ.టి.పి.ని గాని వాడరాదు, ఎవరికిని చెప్పరాదు.
2. కొనువాడు పంపిన క్యూ.ఆర్. గుర్తును స్కాన్ చేయరాదు; అతడు పంపిన లంకెను తెరువరాదు.
3. సొమ్ము వచ్చినదో లేదో చిత్రమునుబట్టి, సందేశమునుబట్టి కాక, మన ఖాతా నిలువనుబట్టియే నిశ్చయించుకొనవలెను.
4. పగటివేళ, నలుగురు తిరుగు చోట, మరియొకరు తోడుండగా వస్తువును చూపి, సొమ్ము చేరిన పిమ్మటనే అప్పగింపవలెను.
5. తొందరపెట్టువానితో “ఇంటివారిని అడిగి చెప్పెదము” అని ఫోను పెట్టివేయవలెను. నిజమైన కొనుగోలుదారుడు ఒక పూట ఆగును.

మోసము జరిగినచో

వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’ అను ప్రభుత్వ పుటలోను ఫిర్యాదు వ్రాయవచ్చును. తమ బ్యాంకునకును తెలుపవలెను. దొంగ ఆ సొమ్మును ఒక ఖాతానుండి వేరొక ఖాతాకు వేగముగా మార్చును. అది చేతికందకముందే తెలిపినచో, బ్యాంకులు దానిని నిలుపుటకు వీలుండును. తేది, వేళ, మొత్తము, లావాదేవీ సంఖ్య, దొంగ ఫోను సంఖ్య, అతని సందేశములు భద్రపరుపవలెను, దేనిని తుడిచివేయరాదు. ఠాణాలో చెప్పుకొనుటకు రాష్ట్రభాష బాగుగా వచ్చినవారిని తోడు తీసికొనిపోవుట మేలు. ఫోను, కంప్యూటరు ద్వారా మారువేషమున మోసగించువానికి సమాచార సాంకేతిక చట్టము 66-డి విభాగము ప్రకారము మూడేండ్లవరకు జైలుశిక్ష, లక్ష రూపాయలవరకు జరిమానా కలదు.

అన్నిటికంటె ముఖ్యముగా, మోసపోయినవారిని నిందింపకుడు. ఇంటిలో చీవాట్లకు వెరచి దాచిన ప్రతి గడియయు దొంగకు లాభము. సిగ్గు పడవలసినవాడు మోసగాడు గాని మోసపోయిన తల్లి కాదు. ఈ మాట నేడే ఇంటిల్లిపాదికిని, ముఖ్యముగా ఒంటరిగా ఫోనెత్తు పెద్దలకును చదివి వినిపింపవలసినదిగా తల్లిదండ్రులను కోరుచున్నాము.