వ్రాత ఆగినప్పుడు

ప్రాచీన కావ్యాలను పరిష్కరించే వారికి మొదట ఎదురయ్యేవి పాఠాంతరాలు. ఒకే పద్యం ఒక తాళపత్ర ప్రతిలో ఒక విధంగాను, వేరొక ప్రతిలో మరొక విధంగాను కనిపిస్తుంది. సి.పి.బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ప్రకటించడానికి పూర్వం అనేక ప్రతులను సేకరించి, సరిపోల్చి చూశాడు. ఏ పాఠం ఏ ప్రతిలోనిది, ఎవరు ఎప్పుడు దిద్దారు అన్న వివరం పోతే పరిష్కర్త పడిన శ్రమ అంతా వ్యర్థమే.

కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాసేవారికి కూడా సరిగా ఇదే చిక్కు వచ్చింది. దానిని తీర్చడానికి పుట్టిన పద్ధతిని వెర్షన్ కంట్రోల్ అంటారు. పలువురు కలిసి వ్రాసే వ్రాతలోని ప్రతి మార్పునూ, మార్చినవారి పేరుతోను, తేదీతోను భద్రపరచే భాండాగారానికి రిపాజిటరీ అని పేరు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ నిర్మాణం కోసం రూపొందించిన గిట్ నేడు వీటిలో అగ్రగణ్యం. ఇందులో ప్రతి సభ్యుని దగ్గరా చరిత్ర అంతా ఉన్న పూర్తి ప్రతి ఉంటుంది.

బాపట్లలో నేను, తెనాలిలో ఒక మిత్రురాలు, రేపల్లెలో ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన - ముగ్గురం కలిసి తెనాలి రామకృష్ణకవి పాండురంగ మాహాత్మ్యంలోని పాఠాంతరాలను సంకలనం చేయ సంకల్పించాం. ఇదివరకు కాగితాలు రైలులో తెనాలిదాకా, అక్కడ బండి మారి రేపల్లెదాకా ప్రయాణం చేసేవి. ఈసారి గిట్‌ను ఆశ్రయించాం. భాండాగారం బాపట్లలోని ఒక లినక్స్ కంప్యూటర్‌లో ఉండేది. ముగ్గురం ఒకే ఖాతాతో దానిలోనికి మా వ్రాతలను పంపేవాళ్లం.

2023 వేసవిలో ఒకనాడు రేపల్లె నుండి ఫోను వచ్చింది. "రెండు నెలల పని పంపుదామంటే తీసుకోవడం లేదండీ. అనుమతి లేదంటున్నది" అన్నారు పెద్దాయన. చిత్రమేమిటంటే, అదే ఉదయం తెనాలి నుండి పంపిన ఆశ్వాసం నిరాటంకంగా చేరింది. పక్కింటి కుర్రవాడెవరో ఆయనకు సలహా ఇచ్చాడట: ఆ ఫోల్డరు మొత్తం తీసివేసి, భాండాగారం నుండి కొత్తగా తెచ్చుకోమని! ఆ రెండు నెలల పని ఆయన యంత్రంలో తప్ప మరెక్కడా లేదు. ఆ సలహా పాటించి ఉంటే నూరు పుటలు గంగలో కలిసేవి.

నా వద్ద ఒకప్పుడు ద్వితీయ భాషగా తెలుగు చదువుకుని, అప్పటికి ఇంజనీరింగులో ఉన్న ఒక విద్యార్థిని పిలిపించాను. అతడు కీబోర్డును ముట్టుకోకుండా, "సార్, ముందు ఆ వాక్యాన్ని పూర్తిగా చదివించండి" అన్నాడు. పెద్దాయన ఫోనులో చదివారు. వాక్యం 'రిమోట్' అన్న మాటతో మొదలైంది. భాండాగారంలో కొత్త వస్తువును చేర్చడానికి తగిన అనుమతి లేదని దాని తాత్పర్యం. "రిమోట్ అంటున్నది కాబట్టి దోషం మాస్టారి యంత్రంలో లేదు, ఇక్కడే ఉంది. మాస్టారూ, మీ వ్రాత మీ దగ్గర క్షేమంగా ఉంది. దేనినీ తీసివేయకండి" అన్నాడు. పద్యానికి అన్వయం చెప్పేటప్పుడు కర్త ఎవరో ముందు చూడమని ఆ అబ్బాయికి నేనే చెప్పాను. ఆ పాఠాన్ని నాకే అప్పజెప్పాడు.

తరువాత డిస్కులో ఖాళీ ఉన్నదా అని చూశాడు. స్థలం నిండినా వ్రాత ఆగిపోతుంది. కాని ఖాళీ పుష్కలంగా ఉంది. ఇక మిగిలింది యాజమాన్యం. లినక్స్‌లో ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డరుకూ ఒక యజమాని ఉంటాడు. ఎవరు చదవవచ్చు, ఎవరు వ్రాయవచ్చు అన్న నియమమూ ఉంటుంది.

తెనాలికి తెరుచుకున్న తలుపు రేపల్లెకు ఎందుకు మూసుకున్నదో ఇక్కడ తెలిసింది. గిట్ తాను దాచే ప్రతి వస్తువుకూ దానిలోని విషయాన్ని బట్టి నలభై అక్షరాల ముద్ర వేస్తుంది. ఆ ముద్రలోని మొదటి రెండు అక్షరాలే ఆ వస్తువు చేరవలసిన గది పేరు. ఒక్కొక్క స్థానంలో పదహారు అక్షరాలకు అవకాశం ఉన్నది కనుక మొత్తం 256 గదులు. ఏ గది అవసరమైతే ఆ గది అప్పుడు నిర్మితమవుతుంది; నిర్మించినవాడే దానికి యజమాని. కొన్ని గదులకు మాత్రం 'రూట్' యజమానిగా కనబడ్డాడు. రూట్ అంటే ఆ యంత్రానికి సర్వాధికారి. తెనాలి వ్రాతలు అదృష్టవశాత్తు వేరే గదులకు వెళ్లాయి; రేపల్లె వ్రాతలలో ఒకటి రూట్ గది గుమ్మం దగ్గర ఆగిపోయింది.

ఆ రూట్ మరెవరో కాదు, నేనే. అంతకు వారం క్రితం ఆ యంత్రం ముందే కూర్చుని పని చేస్తూ, ప్రతి ఆదేశానికి ముందు 'సుడో' అని చేర్చాను. సర్వాధికారి హోదాలో పని జరిపించే మాట అది. అలా చేస్తే ఏదీ అడ్డు రాదని ఎవరో చెప్పగా విన్నాను. నాకేదీ అడ్డు రాలేదు, నిజమే. అడ్డంకులన్నీ మిత్రులకు మిగిల్చాను.

"అయితే అందరికీ అన్ని అధికారాలూ ఇచ్చివేయరాదా?" అని అడిగాను. అతడు నవ్వి, "అప్పుడు ఆ యంత్రంలో ఖాతా ఉన్న ప్రతివాడూ మీ పద్యాలు దిద్దగలడు సార్" అన్నాడు. చౌన్ అనే ఆదేశంతో గదులన్నింటినీ మా ఉమ్మడి ఖాతాకు అప్పగించాడు. ఆ పిమ్మట గిట్‌లోని ఎఫ్ఎస్‌సికె అనే ఆదేశంతో వస్తువులన్నీ చెక్కుచెదరక ఉన్నాయని నిర్ధారించుకున్నాడు. రేపల్లె నుండి పంపిన వ్రాత ఆ సాయంత్రమే చేరింది.

అదే సంవత్సరం డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. ఆ గాలివానలో కరెంటు పోయిన క్షణాన రేపల్లెలో గిట్ ఏదో వ్రాస్తున్నది. కరెంటు వచ్చాక ఏ మార్పునూ నమోదు చేయనన్నది. గిట్ వ్రాసేటప్పుడు మరొకరు చేయి పెట్టకుండా 'ఇండెక్స్ లాక్' అనే చిన్న ఫైలును తాళంగా వేసుకుంటుంది, పని ముగియగానే తానే తీసివేస్తుంది. వ్రాసేవాడు మధ్యలో మాయమయ్యాడు, తాళం మిగిలిపోయింది. నిజంగా ఎవరైనా లోపల వ్రాస్తూ ఉండగా ఆ తాళాన్ని తీస్తే వ్రాత చెడిపోతుంది. కనుక గిట్‌కు సంబంధించిన పని ఏదీ నడవడం లేదని ముందు చూసుకోవాలి.

ఈసారి పెద్దాయన ఎవరికీ ఫోను చేయలేదు. ముందుగా ఫోల్డరుకు నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నారు. నడుస్తున్న పనుల జాబితా చూశారు. తాళం తొలగించారు. మూడవనాటికి ఆయన పాఠాంతరాలు బాపట్లకు చేరాయి, వాటితోపాటు, నమోదు చేసిన మార్పుకు వివరణగా ఒక్క వాక్యం: "సుడో వాడలేదు."

ప్రశ్నలు
1. తెనాలి వ్రాత చేరి, రేపల్లె వ్రాత ఆగిపోవడానికి గల కారణాన్ని వివరించండి.
2. ఫోల్డరు తీసివేయమన్న సలహాను పాటిస్తే జరిగే నష్టమేమిటి?
3. 'గంగలో కలియు' అన్న జాతీయాన్ని సొంతవాక్యంలో ప్రయోగించండి.