గృహగ్రంథాలయము - స్వాధ్యాయము

తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లి సత్యము, తపస్సు, ఇంద్రియనిగ్రహము, అతిథిసత్కారము, సంతానపోషణము మొదలగు ధర్మములను వరుసగా పేర్కొనుచు, ఒక్కొక్క దానికిని స్వాధ్యాయ ప్రవచనములను జోడించుచున్నది. స్వాధ్యాయమనగా తాను చదువుకొనుట. ప్రవచనమనగా చదివినదానిని ఇతరులకు అందించుట. ముద్గలపుత్రుడగు నాకుడు ఈ రెండే తపస్సని తలంచెను. ఇంటిలో గ్రంథములను సేకరించుకొనువారు ఈ ఉపదేశమును మరువరాదు. ఏలయన, గ్రంథములుండుట వేరు, స్వాధ్యాయముండుట వేరు.

ఆంధ్రదేశమునకు వెలుపల నివసించు కుటుంబములయందు ఈ భేదము స్పష్టముగా గోచరించును. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున అర్పానదీతీరముననున్న బిలాస్‌పూర్ ఇందుకు తగిన ఉదాహరణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే నిర్మించిన మార్గము 1891లో ఈ ఊరిమీదుగా పోయెను. కాలక్రమమున వాల్తేరు వైపు మార్గము కూడ అదే సంస్థ క్రిందికి వచ్చుటచే, ఉత్తరాంధ్రమునుండి పలువురు ఉద్యోగార్థులై వచ్చి యిచ్చట స్థిరపడిరి. 2003 నుండి ఈ నగరము ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధానకేంద్రము.

రైల్వే క్వార్టరులోని పుస్తకములకు మూడు గండములు కలవు. మొదటిది బదిలీ. సామాను కట్టునప్పుడు బరువైనవి, అవసరము లేనివి అని మొదట విడువబడునవి పుస్తకములే. రెండవది వర్షకాలపు చెమ్మ, దాని వెంట వచ్చు చెదలు. మూడవది అన్నిటికంటె కఠినమైనది. పిల్లలు ఇంటిలో తెలుగు మాటాడుదురు. బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుదురు. తెలుగు లిపి వారికి పరాయిదగును. పెద్దలు పదవీవిరమణ చేసి క్వార్టరు ఖాళీచేయునాడు, తరము పాటు కాపాడబడిన భాగవతము పాతకాగితములతో పాటు తూకమునకు పోవును. దానిని చెదలు తినలేదు, చదువువారు లేకపోయిరి.

మొదటి గండమునకు మితమే మందు. ఒక పెట్టెలో పట్టునన్ని గ్రంథములు చాలును. తెలుగు తాత్పర్యముతో గీత, పోతన భాగవతము, రామాయణము, వేమన సుమతి శతకములు, మహాత్ముల జీవితచరిత్రలు, ఒక నిఘంటువు, ఒక పెద్దబాలశిక్ష ఉన్నచో అది సంపూర్ణమైన గ్రంథాలయమే. రెండవ గండమునకు శ్రద్ధ చాలును. బీరువాను గోడకు ఆనింపక కొంచెము ఎడముగ నుంచవలెను. పుస్తకములను క్రిక్కిరియ పెట్టరాదు. వానలు వెలిసిన పిమ్మట వానిని నీడలో గాలికి ఆరవేయవలెను. తీవ్రమైన ఎండ కాగితమును పెళుసుబార్చును.

మూడవ గండమునకు ప్రవచనమే శరణ్యము. రైల్వే ఉద్యోగికి పగలు, రాత్రి అను నియమము లేదు. కావున తండ్రి డ్యూటీలో నున్ననాడు తల్లియో, తాతయో దినమునకు ఒక పుట బిగ్గరగా చదువవలెను. పిల్లవాడు మొదట వినును. పిదప వ్రేలితో అక్షరముల వెంట నడచును. ఒకనాడు తానే చదువును. ఇల్లే పాఠశాల యగుట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. 1877లో బాలుడైన నరేంద్రుడు రాయపూరు చేరినప్పుడు అచ్చట తగిన పాఠశాల లేకుండెను. తండ్రి సంభాషణలే ఆ బాలునకు విద్యయయ్యెను. అతడే పిమ్మట వివేకానందస్వామి.

చదువుటతోనే పని ముగియదు. శ్రీరామకృష్ణులు ఊరినుండి వచ్చిన ఉత్తరము కథ చెప్పెడివారు. ఏయే వస్తువులు పంపవలెనో తెలియువరకే ఉత్తరముతో పని. తెలిసిన పిమ్మట వానిని సమకూర్పవలెను. శాస్త్రములును అట్టివే. సత్యమునుగూర్చి చదివిన యింట సత్యము పలుకబడవలెను. అతిథిసత్కారమునుగూర్చి చదివిన యింట పొరుగువానికి ఆదరము లభింపవలెను.

ఆ ఆదరము పుస్తకముతోనే ప్రారంభింపవచ్చును. పొరుగింటివారు అడిగినచో పేరు, తేదీ ఒక నోటుపుస్తకమున వ్రాసికొని గ్రంథమును సంతోషముతో ఇయ్యవలెను. బదిలీయై పోవునప్పుడు, తమకు రెండు ప్రతులున్న గ్రంథములలో ఒకదానిని చదువనేర్చిన ఒక పిల్లవానికి ఇచ్చిపోవలెను.