గర్భిణికి స్కానింగు – వారాల లెక్క

చూడి పరీక్ష అంటే ఏమిటో మన సంఘ సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. ఎనుముకు కృత్రిమ గర్భధారణ సూది వేయించిన రోజే ఆ తేదీని కార్డు మీద రాయించుకుంటాము. రెండు మూడు నెలలు గడిచాక పశువైద్యుడు చేతితో చూసి చూడి నిలిచిందీ లేనిదీ చెబుతారు. సూది వేసిన నాటి నుంచి ఎనుముకు సుమారు 310 రోజులు, ఆవుకు సుమారు 280 రోజులు లెక్కవేసి, ఈనడానికి రెండు నెలల ముందు పాలు తీయడం ఆపుతాము. తేదీ తప్పితే ఎంత నష్టమో మనకు తెలుసు. అదే ఇంట్లో కోడలికి నెల తప్పితే మాత్రం తేదీ ఎక్కడా రాసి ఉండదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగితే “శివరాత్రికి ముందో వెనుకో” అని అత్తగారు జవాబు చెబుతారు. పశువుకు ఉన్న కార్డు మనిషికి లేకపోవడం మాకు బాధగానే ఉంటుంది. అందువల్ల ఈ నెల పాఠంలో గర్భిణికి స్కానింగు ఏయే వారాల్లో చేయించాలి, ఆ వారాలు దాటితే ఏమి పోతుంది అనే సంగతి తెలియజేస్తున్నాము.

ముందు లెక్క చూద్దాము. డాక్టర్లు గర్భాన్ని చివరి ముట్టు మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. ఆ రోజు నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు. ఆవుకూ ఇంతే కదా అని కొందరు నవ్వవచ్చు గాని, ఆవుకు సూది వేసిన రోజు నుంచి లెక్క. స్త్రీకి గర్భం నిలిచేది చివరి ముట్టు మొదలైన సుమారు రెండు వారాలకు. ఇంట్లో లెక్క వేసుకోవడం సులభమే. ముట్టయిన తేదీకి తొమ్మిది నెలలు, ఆపైన ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. సెప్టెంబరు 10న ముట్టయి తర్వాత నెల తప్పితే కాన్పు తేదీ జూన్ 17. ఆ తేదీకి ఒకటి రెండు వారాలు ముందూ వెనుకా కాన్పు కావడం మామూలే.

అయితే తేదీ చెప్పలేనివారు చాలామంది ఉన్నారు. కొందరికి ముట్టు నెలనెలా సక్రమంగా రాదు. పాలిచ్చే తల్లికి కాన్పు తర్వాత ముట్టు రాకముందే మళ్ళీ గర్భం నిలవవచ్చు. గర్భనిరోధక మాత్రలో, ఇంజెక్షనో మానిన వెంటనే గర్భం వచ్చినవారికీ లెక్క కుదరదు. ఇటువంటి వారికి స్కానింగే కార్డు.

స్కానింగు అంటే ఎక్స్‌రే అనీ, బిడ్డకు హాని అనీ కొందరు పెద్దలు భయపడుతుంటారు. స్కానింగు యంత్రం పంపేది ఎక్స్‌రే కిరణాలు కావు, చెవికి వినబడని ధ్వని తరంగాలు. మన సంఘాల్లో పాలలో వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూసే ఎనలైజర్లు చాలావరకు ఇదే రకం ధ్వనితో పనిచేస్తాయి. లోహపు పనుల్లో లోపలి పగుళ్ళను కనుక్కోవడానికి వాడుతున్న ఈ పద్ధతిని స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అనే స్త్రీల వైద్యుడు కడుపు పరీక్షకు మళ్ళించి 1958లో ఆ ఫలితాలు ప్రకటించాడు. అదే నగరంలో 1973లో హ్యూ రాబిన్సన్ అనే డాక్టరు, నెలలు నిండని బిడ్డను తల నుంచి పిరుదుల వరకు కొలిచి గర్భం వయసు చెప్పే పద్ధతిని చూపించాడు. నేటికీ తేదీ నిర్ణయించేది ఆ కొలతతోనే.

ఈ కొలత మొదటి మూడు నెలల్లోనే ఎందుకు తీయాలి? జొన్న చేను మీద చెబుతాము. విత్తిన పది రోజులకు మొలకను చూస్తే ఎప్పుడు విత్తారో ఏ రైతైనా చెప్పగలడు. ఆ వయసులో అన్ని మొలకలూ ఇంచుమించు ఒకే ఎత్తు. మూడు నెలల చేనును చూసి చెప్పమంటే చెప్పలేడు. పైరు పొట్టిగా ఉందంటే ఆలస్యంగా విత్తారా, లేక వాన లేక ఎదగలేదా? చూపుకు రెండూ ఒక్కటే. కడుపులో బిడ్డ కూడా అంతే. మొదటి మూడు నెలల్లో బిడ్డలందరూ దాదాపు ఒకే కొలతలో పెరుగుతారు. తర్వాత తల్లి తిండి, రక్తం, వంశం, రోగాలను బట్టి ఎదుగుదలలో తేడాలు వస్తాయి. కాబట్టి మొదటి మూడు నెలల స్కానింగు చెప్పే తేదీలో తేడా వారం లోపే ఉంటుంది. ఏడో నెల దాటాక తీసిన మొదటి స్కానింగులో అది మూడు వారాల దాకా ఉండవచ్చు.

మూడు వారాలు ఎంత పెద్ద మాటో ఒక ఉదాహరణతో చూడండి. ఒక సభ్యురాలి కూతురు ఎనిమిదో నెల అనుకుని మొదటిసారి స్కానింగుకు వెళ్ళింది. బిడ్డ తూకం తక్కువని రిపోర్టు వచ్చింది. బిడ్డ నిజంగా ఎదగలేదంటే పెద్దాసుపత్రిలో పెట్టి చూసుకోవాలి, అవసరమైతే ముందే కాన్పు చేయాలి. నెలల లెక్కే తప్పయితే ఏమీ చేయనక్కరలేదు. తొందరపడి కాన్పు చేస్తే నెలలు నిండని బిడ్డ పుడుతుంది. డాక్టరు ఎటు నిర్ణయించాలి? మరో సంగతి. నెలలు నిండక ముందే నొప్పులు వస్తే బిడ్డ ఊపిరితిత్తులకు బలం రావడానికి తల్లికి డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. మన దేశంలో ఇవి 24 నుంచి 34 వారాల మధ్య ఇవ్వాలని నియమం. ముప్పై మూడా, ముప్పై ఆరా అన్నది తేలకపోతే ఆ నిర్ణయమూ చీకట్లోనే.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతున్నది. ప్రతి స్కానింగు రిపోర్టులోనూ ఒక కాన్పు తేదీ అచ్చవుతుంది. మొదటిదానిలో జూన్ 17 అనీ, తర్వాతిదానిలో జూన్ 29 అనీ ఉంటే, కొత్తదే సరైనదని ఇంటివారు అనుకుంటారు. అది తప్పు. మొదటి మూడు నెలల్లో నిర్ణయించిన తేదీని తర్వాతి స్కానింగులను బట్టి మార్చకూడదు. తేడా కనబడితే బిడ్డ ఎదుగుదలను గురించి ఆలోచించాలి గాని తేదీని జరపరాదు. మొదటి కాన్పుకు పుట్టింటికి పోయేటప్పుడు ఆ మొదటి రిపోర్టు అత్తవారింటి పెట్టెలోనే ఉండిపోతుంది. చీరలు, గాజులు వెంట వెళ్తాయి, కాగితం వెళ్ళదు.

ఇక వారాల సంగతి. నెల తప్పిన వెంటనే పరుగెత్తనక్కరలేదు. కడుపునొప్పి, రక్తం కనబడటం, కళ్ళు తిరగడం ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. గర్భం సంచిలో కాక నాళంలో నిలిచి ఉంటే ప్రాణానికే ముప్పు. ఏ బాధా లేనివారికి 11 వారాలు నిండిన నాటి నుంచి 14 నిండే లోపు చేసే స్కానింగు ముఖ్యమైనది. తేదీ తేలుతుంది, కవలలైతే ఇద్దరికీ మాయ ఒకటా రెండా అన్నది బాగా తెలుస్తుంది, పుర్రె ఏర్పడకపోవడం వంటి పెద్ద లోపాలు కనబడతాయి. బిడ్డ మెడ వెనుక నీటి పొర మందాన్ని కొలిచేదీ ఈ వారాల్లోనే. దాటితే ఆ కొలత పనికిరాదు.

రెండోది 18 నుంచి 20 వారాల మధ్య చేసే టిఫా స్కానింగు. తల, వెన్ను, గుండె గదులు, మూత్రపిండాలు, కాళ్ళు చేతులు ఒక్కొక్కటిగా చూస్తారు. మన సీమలో మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడం ఇంకా ఉన్నాయి. దగ్గరి రక్తసంబంధంలో పుట్టుక లోపాల అవకాశం కొంత ఎక్కువ. అట్లా చేసుకున్న వారిలో ఎక్కువమందికి ఆరోగ్యమైన బిడ్డలే పుడతారు, భయపెట్టడం మా ఉద్దేశం కాదు. కాని వారు ఈ స్కానింగును వదలరాదు. గుండెలో లోపం ముందే తెలిస్తే కాన్పును పిల్లల డాక్టర్లున్న పెద్దాసుపత్రిలో పెట్టుకోవచ్చు. బ్రతకలేనంత లోపమని తేలితే గర్భం ఉంచుకోవాలా వద్దా అని దంపతులు ఆలోచించుకోవలసి వస్తుంది. 2021లో సవరించిన చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వరకు చట్టంలో చెప్పిన కొన్ని సందర్భాల్లో ఇద్దరు డాక్టర్లు కావాలి. 24 దాటాక బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. టిఫాను ఏడో నెలలో చేయిస్తే ఆ కుటుంబం చేతిలో గడువే మిగలదు.

మన పడమటి మండలాల వారికి ఇందులో ఒక చిక్కు ఉంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం, పత్తికొండ వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు సీమకు వలస పోయే కుటుంబాలు ఎన్నో. పైన చెప్పిన సెప్టెంబరు 10 లెక్కనే తీసుకోండి. మొదటి స్కానింగు వారాలు నవంబరు 26 నుంచి డిసెంబరు 16 వరకు వస్తాయి. సంక్రాంతికి 18 వారాలు నిండుతాయి, జనవరి 28కి 20. అంటే టిఫా వేళకు ఆమె కోతల్లో ఉంటుంది. ఊరు కదలక ముందే మొదటిది చేయించి, తల్లీబిడ్డల సంరక్షణ కార్డు వెంట తీసుకుపోతే, రెండోది పోయిన చోట ప్రభుత్వాసుపత్రిలో చేయించవచ్చు. కోతలు ముగించుకుని ఉగాదికి వచ్చి చేయిస్తామంటే ఆరో నెల దాటుతుంది.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో నాలుగో నెల దాటిన గర్భిణులకు ఉచిత పరీక్షలు చేసే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ 2016 నుంచి నడుస్తున్నది. ఆ రోజు తప్పక వెళ్ళవలసిందే. కాని టిఫా కోసం ఆ తేదీని నమ్ముకుంటే మన ఉదాహరణలోని అమ్మాయికి జనవరి 9న 17 వారాల 2 రోజులు, ఫిబ్రవరి 9న 21 వారాల 5 రోజులు. మొదటిది తొందర, రెండోది ఆలస్యం. స్కానింగుకు తేదీ వారాలను బట్టి వేరుగా తీసుకోవాలి. టిఫా చేయడానికి తర్ఫీదు పొందిన డాక్టరు కావాలి గనుక అన్ని ఆసుపత్రుల్లోనూ కుదరదు. కర్నూలు సర్వజన వైద్యశాల, కడప రిమ్స్ వంటి పెద్దాసుపత్రులకు పోయే ముందు ఏ రోజు రమ్మంటారో ఏ.ఎన్.ఎం. ద్వారానో ఆశా కార్యకర్త ద్వారానో కనుక్కుంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ వృథా కావు.

చివరి నెలల్లో ఎదుగుదల, ఉమ్మనీరు, మాయ ఉన్న చోటు చూడటానికి డాక్టరు చెబితే మరొకటి చేయించాలి. నెలనెలా చేయించి బొమ్మలు దాచుకునేవారినీ చూస్తున్నాము. దానివల్ల పాల బిల్లు కరగడమే గాని అదనంగా వచ్చే మేలు లేదు. స్కానింగులో రక్తహీనత కనబడదు, బి.పి. కనబడదు, మూత్రంలో చక్కెర కనబడదు. ఈ పరీక్షలు వదిలేసి స్కానింగు ఒక్కటే చేయించినవారు పరీక్ష చేయించుకున్నట్లు కాదు.

ఆడా మగా అని అడగవద్దు. లింగ నిర్ధారణను నిషేధించే చట్టం 1994లో వచ్చి 1996 నుంచి అమలులో ఉంది. చెప్పిన డాక్టరుకే కాదు, చెప్పమని ఒత్తిడి చేసిన భర్తకూ అత్తమామలకూ శిక్ష ఉంది. ఒత్తిడి చేసినవారికి మూడేళ్ళ వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా. స్కానింగు కేంద్రంలో గర్భిణి చిరునామా, సంతకం తీసుకునేది ఈ చట్టం కోసమే గనుక ఇవ్వడానికి భయపడనక్కరలేదు. రిజిస్ట్రేషను పత్రం గోడమీద లేని చోటుకు, రహస్యంగా యంత్రం తెచ్చి చూస్తామనే వారి దగ్గరకు పోరాదు.

ఒక చిన్న మాట. స్కానింగు బొమ్మల కాగితం వేడికి నల్లబడే రకం. భద్రంగా ఉండాలని దానిని లామినేషను చేయించేవారున్నారు. చేయిస్తే మొత్తం నల్లబడి ఏమీ కనబడదు. బొమ్మలనూ, డాక్టరు సంతకమున్న రిపోర్టునూ కార్డుతో పాటు ఒక ప్లాస్టిక్ కవరులో వేసి, ఎండ తగలని చోట పెట్టుకోండి. మొదటి రిపోర్టు అన్నిటికన్నా పైన ఉండాలి.