ఆడే పిల్లల మనసు – ఇంట్లోవారు తెలుసుకోవలసిన సంగతులు

మన ఖైరతాబాద్ నుండి లాల్ బహదూర్ స్టేడియం ఎంతో దూరం లేదు. తెల్లవారుజామున కిట్ బ్యాగులతో అటు వెళ్ళే పిల్లల్ని, బండి నడిపే తండ్రుల్ని చూస్తూనే ఉంటాం. సైనా నెహ్వాల్ చిన్నప్పుడు రాజేంద్రనగర్ నుండి ఈ స్టేడియానికే తండ్రి స్కూటర్ మీద వచ్చేది. నిద్రమత్తులో జారిపడుతుందేమోనని తల్లి కూడా వెనుక కూర్చునేది. ఇలాంటి బిడ్డకు కాలు బెణికితే వెంటనే ఎక్స్‌రే తీయిస్తాం. పోటీకి ముందు మూడు రాత్రులు నిద్రపోకపోతే మాత్రం "భయంలే, అదే పోతుంది" అంటాం.

భయం వేసినపుడు అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, అరచేతులు చెమర్చుతాయి, కడుపులో తిప్పుతుంది. ఇది జబ్బు కాదు, కొంతవరకు ఆటకు మేలు కూడా. మోతాదు మించితేనే కండరాలు బిగుసుకుని, రోజూ సులభంగా చేసే సర్వీసే తప్పుతుంది. అప్పుడు గట్టు మీదినుండి అరిస్తే బిగువు ఇంకా పెరుగుతుంది. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలడం నేర్పండి. ఊపిరి వదిలే సమయం పెరిగితే గుండె వేగం తగ్గుతుంది. అయితే పోటీ రోజున మొదలుపెడితే లాభం లేదు. రోజూ పడుకునే ముందు ఐదు నిమిషాలు అలవాటు చేయాలి.

కొందరు తల్లిదండ్రులు చేతులు వణకకుండా మందుల షాపులో ప్రొప్రనొలాల్ మాత్రలు అడుగుతారు. దయచేసి ఆ పని చేయకండి. ఉబ్బసం ఉన్న బిడ్డకు అది ప్రమాదం. పైగా షూటింగ్, విలువిద్య పోటీల్లో అది నిషేధించిన మందు.

ఇక మన సింధు సంగతి చూడండి. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో కరోలినా మారిన్ చేతిలో ఓడింది. 2017లో గ్లాస్గో ప్రపంచ పోటీల ఫైనల్లో ఒకుహారాతో 110 నిమిషాలు పోరాడి ఓడింది. 2018లో కామన్వెల్త్ క్రీడలు, ఏషియాడ్, ప్రపంచ పోటీలు, మూడింటిలోనూ వెండి పతకమే. దానితో "ఫైనల్ అంటే ఆ అమ్మాయికి భయం" అన్న మాట పుట్టించారు. ప్రపంచంలో రెండో స్థానానికి మనం ఇచ్చే మర్యాద ఇదా? 2019 ఆగస్టు 25న బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. అంతటి క్రీడాకారిణినే వదలని ఆ మాట, పదమూడేళ్ళ పిల్లకు సొంత మేనమామ నోటి నుండి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఓడి వచ్చిన రోజు బండి మీదే "ఆ పాయింట్ ఎందుకు వదిలావు" అని అడగకండి. ముందు అన్నం పెట్టండి, నిద్రపోనివ్వండి. ఆట తప్పులు మర్నాడు కోచ్ చూసుకుంటారు.

దెబ్బ తగిలిన పిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎముకల వార్డులో ఈ కుర్రవాళ్ళు మమ్మల్ని మొదట అడిగేది నొప్పి గురించి కాదు, "సిస్టర్, సెలెక్షన్ల నాటికి లేస్తానా?" అని. మోకాలి లిగమెంటు ఆపరేషన్ అయితే ఆటకు తిరిగి రావడానికి సాధారణంగా తొమ్మిది నెలలైనా పడుతుంది. ఆ నెలల్లో ఆట ఒక్కటే కాదు, స్నేహితులు, దినచర్య, నలుగురిలో ఉన్న పేరు కూడా పోయినట్లు వారికి అనిపిస్తుంది. అందుకే ఊతకర్రలతోనైనా వారానికోసారి మైదానానికి తీసుకెళ్ళండి, స్కోరు రాయమనండి. పుల్లెల గోపీచంద్ గారికి 1994లో మోకాలు దెబ్బతిని ఆపరేషన్లు జరిగాయి. ఆయన ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచింది 2001లో. ఆ మధ్య ఏడేళ్ళున్నాయని పిల్లలకు చెప్పండి.

ఆగడం అవసరమైన రోజులూ ఉంటాయి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్‌కు గాలిలో తిరిగేటప్పుడు తన శరీరం ఎటు ఉందో తెలియకుండా పోయింది. తల కిందికి పడితే మెడ విరిగే ఆట అది. ఆమె చాలా పోటీల నుండి తప్పుకుంది, మనసుకు చికిత్స తీసుకుంది, 2024 పారిస్‌లో మూడు బంగారు పతకాలు గెలిచింది.

నిద్ర, ఆకలి రెండు వారాలకు పైగా తగ్గడం, ఇష్టంగా వెళ్ళే ప్రాక్టీసుకు సాకులు చెప్పడం, బరువు తగ్గాలని తిండి మానడం, ఆడపిల్లలకు మూడు నెలలు నెలసరి రాకపోవడం – వీటిలో ఏది కనిపించినా డాక్టరు దగ్గరకు తీసుకురండి. "నేను బ్రతికి ఏం లాభం" అన్న మాట వినిపిస్తే రెండు వారాలు చూడవద్దు. బిడ్డను ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకురండి. టెలీ మానస్ నంబరు 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.